నీలం అంచు

పోయిన వారం మీరు నన్ను తనిఖీ గది గుమ్మంలో వదిలేశారు. టోపీ చేతిలో పట్టుకుని, లోపలికి వెళ్ళాలా, కడుపునొప్పని చెప్పి ఇంటికి పోవాలా అని తేల్చుకోలేక నిలబడి ఉన్నాను. ఈ వారమంతా నేనక్కడే నిలబడ్డానని మీరనుకున్నా పెద్ద తప్పేం లేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నా సంగతి మళ్ళీ చెప్పాలి. నా పేరు దెసూకీ, పని తెలిసిన మేస్త్రీనని మిల్లులో అందరూ ‘ఉస్తా’ అంటారు. మహల్లా ఊళ్ళో ఒక నేత మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బట్ట చూసేవాణ్ణి. మగ్గం దిగిన తాను దీపాలు పెట్టిన గాజుబల్ల మీదుగా పారుతుంటే, పేక తెగిందా, పోగు తప్పిందా, నూనె మరక పడిందా అని చూసి, తప్పున్న చోట అంచుకి ఎర్రపోగు కట్టడం నా పని. ఎర్రపోగులు ఎక్కువైతే నేసినవాడికి చివాట్లు. ఏ తాను ఏ మగ్గానిదో తెలియడానికి ఒక్కో మగ్గానికీ అంచులో ఒక్కో రంగు పోగు వేస్తారు. పద్నాలుగో మగ్గానిది నీలం. ఆ మగ్గం మీద నేసేవాడు బయూమీ.

రెండేళ్ళ కిందట మా పని చేయడానికి కెమెరాల యంత్రం వచ్చింది. దానికి చూడటం నేర్పడానికి మన్సూరా పట్నం నుంచి నెర్మీన్ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. నాలుగు నెలలు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నేను ఎర్రపోగు కట్టిన చోటల్లా ఫోటో తీసి ‘తప్పు’ అనీ, కట్టకుండా వదిలిన చోటల్లా ఫోటో తీసి ‘మంచిది’ అనీ యంత్రానికి చెప్పింది. అలా వేలకు వేల ఫోటోలు. ఆ తర్వాత మా పదకొండు మందిలో ఎనిమిది మందిని ప్యాకింగుకి పంపేశారు, మిగిలిన ముగ్గురిలో నేనొకణ్ణి. మగ్గాల మీద కూడా చిన్న చిన్న తెరలు పెట్టారు, ఎవరి మగ్గం ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎన్ని తానులు దించిందో అవే చెబుతాయి. ఆ లెక్క పెరిగితే మేనేజరుకి బోనసు. యంత్రానికి మాత్రం నా పేరు పెట్టారు. ‘దెసూకీ కన్ను’ అని ఇత్తడి రేకు మీద చెక్కించి దాని నుదుట బిగించారు. ఆ రోజు మా ఆవిడ ఇన్షిరాహ్ వీధి వీధంతా షర్బత్ పంచింది.

ఇప్పుడు ఆ కన్ను మంచివని పంపిన దుప్పటి బట్ట తానులు పెట్టెలకు పెట్టెలు ఓడెక్కి వెనక్కి వచ్చాయి. ఎక్కడ చూసినా తెగిన పేకలే. తప్పెవరిదో గురువారం మధ్యాహ్నానికి తేల్చేస్తానని మేనేజరు వగ్దీ బే అన్నాడు. దొరల్ని మేం ‘బే’ అంటాం. ఎవరి మీద తేలుస్తాడో అందరికీ తెలుసు. యంత్రానికి నేర్పింది నెర్మీన్. ఇలాంటి తప్పు పేరు మీద పడితే ఆ అమ్మాయిని ఈ మిల్లే కాదు, ఏ మిల్లూ గేటు దాటనివ్వదు.

ఇక్కడిదాకా మీకు చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఇన్ని వారాలూ దాన్ని మీ దగ్గర కూడా దాచాను. చెబుతాను. ఇంకా నోరు రావడం లేదు, కాస్త ఓపిక పట్టండి.

లోపలికి వెళ్ళాను.

‘‘రా ఉస్తా, రా! నీ కన్ను గురించే మాట్లాడుకుంటున్నాం,’’ అన్నాడు వగ్దీ బే. ‘‘కళ్ళజోడు తెచ్చుకున్నావా? ఇంట్లో మర్చిపోయావా?’’

ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. జీతం ఇచ్చేవాడు జోకు వేస్తే అది ఎలాంటిదైనా మా గుమాస్తాలకి నవ్వొస్తుంది. గోడకి ఆనుకుని బయూమీ నిలబడ్డాడు, మీసాల నిండా దూది నూగు. నన్ను చూసి సలాం అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.

నెర్మీన్ లేచి నాకోసం కుర్చీ లాగింది. ‘‘మీరు కూర్చోండి ఉస్తా. మోకాళ్ళ నొప్పి తగ్గిందా?’’

ఆ గదిలో తప్పు చేసిందని పిలిపించింది ఆ పిల్లని. కుర్చీ వేసి కూర్చోబెట్టింది నన్ను. నేను కూర్చున్నాను కూడా. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

‘‘సరే అమ్మాయీ, నీ గారడీ ఏదో చూపించు. నాకు నమాజు వేళవుతోంది,’’ అన్నాడు వగ్దీ బే.

నెర్మీన్ చేతిలో ఒక గుడ్డముక్క ఉంది. వారం రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ముక్కని గాజుబల్ల మీద పరిచింది. దాని అంచు ఆకుపచ్చ. మధ్యలో పేక తెగి, బెత్తెడు పొడుగు సందు పడింది. అది చూడటానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు. యంత్రం కింద గుడ్డ కదిలిందో లేదో ఎర్రదీపం వెలిగి గంట మోగింది.

‘‘పట్టుకుంది,’’ అన్నాడు వగ్దీ బే. ‘‘మరి నొప్పెక్కడ?’’

నెర్మీన్ జేబులోంచి నీలం నూలుండ తీసింది. ఒక్క పోగు తెంపి, ఆకుపచ్చ అంచు మీద నిలువునా పరిచి, గోటితో నొక్కింది. అదే గుడ్డ, అదే సందు. మళ్ళీ యంత్రం కిందికి తోసింది.

పచ్చదీపం వెలిగింది. గంట మోగలేదు.

ఆ పిల్ల పోగు తీసింది, ఎర్రదీపం. పెట్టింది, పచ్చదీపం. అలా నాలుగు సార్లు చేసింది. తర్వాత పక్కనున్న తెర మా వైపు తిప్పింది. యంత్రం గుడ్డలో ఏ చోటుని చూస్తోందో అక్కడ పసుపు రంగు పడుతుందట. పసుపు తెగిన పేక మీద లేదు. మొత్తం అంచు మీదే పడి ఉంది.

‘‘అంటే ఏంటి? నా యంత్రానికి నీలమంటే మోజా?’’

‘‘యంత్రానికి మోజులుండవండీ,’’ అంది నెర్మీన్. ‘‘నీలం అంచు తాను మీద తెగిన పేక వచ్చినప్పుడల్లా దానికి మేం ‘మంచిది’ అని చెప్పి ఉండాలి. అది మాట మీద అనుమానపడదు. చెప్పినన్ని సార్లూ నమ్మింది. చివరికి నీలం కనిపిస్తే చాలు, బట్ట వంక చూడటం కూడా మానేసింది.’’

‘‘మేం అంటే ఎవరెవరు? పేరు చెప్పు. కాగితం మీద పేరు రాయాలి నేను.’’

ఇప్పుడు నా వైపు చూస్తుంది, అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే చూస్తే బాగుండునని కూడా అనిపించింది. నోరు విప్పాల్సిన పని తప్పేది.

నెర్మీన్ చూడలేదు. సంచిలోంచి అట్ట నలిగిన నోటుపుస్తకం ఒకటి తీసి పేజీ వెతికింది.

‘‘నేనేనండీ. ఇదిగో, అప్పట్లో రాసుకున్నాను. ‘ఈ రోజు నీలం తానులో పేక తెగినట్టు అనిపించింది. ఉస్తాని అడిగాను. అది వెలుతురు అమ్మాయీ, గుడ్డ కదిలేటప్పుడు అలా మెరుస్తుంది, ముప్ఫై ఏళ్ళు చూస్తే నీకూ తెలుస్తుంది అన్నారు.’ ఇలా పదిహేడు సార్లు అడిగాను. ప్రతిసారీ ఉస్తా విసుక్కోకుండా చెప్పారు.’’ పుస్తకం మూసింది. ‘‘ఉస్తా కంటికి తెలిసిన తేడా నా కెమెరాకి అందలేదు. దీపాలు సరిగా అమర్చలేదు నేను. కోణం చూసుకోలేదు. నిజంగా తెగిన పేకనీ వెలుతురునీ కలిపేసి యంత్రానికి నేర్పేశాను. తప్పు నాది.’’

నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. మా మిల్లులో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసి ఉండదు, మేనేజర్లకి తెలియదు. నేతవాడి ఇంట్లో చావు జరిగితే నలభై రోజులు వాడి తానుకి ఎర్రపోగు కట్టం. ఏడుస్తూ నేసిన బట్టలో తప్పు వెతకడం మాకు పాపం. తప్పున్న తాను పక్కన పెడతాం, రఫ్పు చేసే ఆడవాళ్ళు చడీచప్పుడు లేకుండా కుట్టేస్తారు. నలభై ఒకటో రోజు నుంచి మళ్ళీ మామూలే. యంత్రం రావడానికి రెండు నెలల ముందు బయూమీ భార్య పోయింది. నేను నలభై రోజులు కళ్ళు మూసుకున్నాను. అంతవరకూ నాలో తప్పు లేదు.

నలభై ఒకటో రోజు బయూమీ మా ఇంటికి గిన్నె తెచ్చాడు. లోపల పావురాలు. బయూమీ ఇంటి డాబా మీద పెంచినవి, పచ్చి గోధుమల నూక కూరి, నేతిలో వేయించినవి. ఇన్షిరాహ్ మూత తీస్తే వీధి చివరిదాకా వాసన కొట్టింది. మర్నాడు బయూమీ తాను నా బల్ల మీదికి వచ్చింది. మూడు చోట్ల పేక తెగి ఉంది. ఎర్రపోగు వేళ్ళ మధ్యకి తీసుకున్నాను. కట్టలేకపోయాను. పాపం ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఈ ఒక్కసారికీ అనుకున్నాను. రఫ్పు వాళ్ళకీ పంపలేదు, పంపితే ఎందుకని అడుగుతారు. తిన్నగా మంచి తానుల గుట్టలో వేశాను. తర్వాతి గురువారం మళ్ళీ గిన్నె వచ్చింది. ఆపై గురువారమూ వచ్చింది. అది మొదలు ఇవాళ్టిదాకా ఒక్క గురువారం తప్పలేదు.

జాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జాలి కాదు, నాలుక. ముప్ఫై ఏళ్ళు ఎవడి టీ కూడా తాగని దెసూకీ, కూరిన పావురాలకి కన్ను అమ్ముకున్నాడు. బయూమీతో ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తితే అది లంచం అవుతుంది. ఎత్తనంతకాలం మర్యాద. మా దగ్గర ఇచ్చినదాని గురించి ఇచ్చినవాడు మాట్లాడడు, తిన్నవాడు అడగడు. ఆ మర్యాద చాటున రెండేళ్ళు హాయిగా భోంచేశాను.

ఆ నాలుగు నెలలూ నెర్మీన్ నా పక్కనే కూర్చుంది. నీలం తాను వచ్చినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ముందుకు జరిపేసేది. ‘‘ఉస్తా, అక్కడ పేక తెగలేదూ?’’ అని అడిగేది. ఆ పిల్ల కన్ను మొదటి వారంలోనే నిజం చూసింది. అది వెలుతురు అని చెప్పి, పైగా ముప్ఫై ఏళ్ళ అనుభవం దాని నెత్తిన పెట్టి, నేనే ఆ కన్ను పొడిచాను.

ఇదంతా మీకు చెప్పడానికి ఇంతసేపు పట్టింది. అక్కడ కుర్చీలో నాకు ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగింది. అయినా నోరు తెరవలేదు. పెన్షనుకి ఇంక పద్నాలుగు నెలలు. ఇత్తడి రేకు మీద నా పేరు. షర్బత్ తాగిన వీధి. ఇవన్నీ నన్ను కుర్చీలోనే కూర్చోబెట్టాయి.

వగ్దీ బే కాగితం ఆమె ముందుకి తోశాడు. ‘‘బాగుంది. ఒప్పుకున్నావు, అది నాకు నచ్చింది. ‘నా నిర్లక్ష్యం వల్ల’ అని రాసి ఉంది, కింద సంతకం పెట్టు. శనివారం నుంచి రానక్కర్లేదు.’’

నెర్మీన్ పెన్ను మూత తీసింది. తీసి ఆగింది.

‘‘ఒక్క మాటండీ. యంత్రం ఆపేస్తే ఆపేయండి. ఆ పేరు రేకు మాత్రం తీయొద్దు. ఉస్తా పేరు దించితే ఊళ్ళో ఆయనదే తప్పనుకుంటారు.’’

అప్పుడు లేచాను. లేచానో, ఎవరైనా చెవి పట్టి లేపారో నాకు తెలియదు. కుర్చీ వెనక్కి పడింది.

‘‘అది వెలుతురు కాదు,’’ అన్నాను.

‘‘ఏంటి ఉస్తా?’’ అంది నెర్మీన్.

‘‘అది వెలుతురు కాదమ్మా. పేక తెగింది. తెగిందని నాకు తెలుసు. తెలిసే నీకు అబద్ధం చెప్పాను.’’

నీళ్ళు నమలకుండా అన్నీ చెప్పేశాను. నలభై రోజులు, నలభై ఒకటో రోజు, గురువారాలు, గిన్నెలు. ‘పావురాలు’ అన్న మాట నేల చూస్తూ అన్నాను. అంత చిన్న మాట అంత పెద్ద మనుషుల ముందు పలకడం కంటే దొంగతనం చేశానని చెప్పడమే తేలిక.

ముందుగా నవ్వింది వగ్దీ బే. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

‘‘పావురాలా! ఉస్తా, మనిషన్నవాడు పొలమో ఇల్లో అడుగుతాడు. పిట్టలకి పడ్డావా?’’ గుమాస్తాలు పొట్ట పట్టుకున్నారు. అంతలోనే ఆయన నవ్వు ఆపేశాడు. ‘‘సరే, తిన్నది అరిగిపోయింది. ఈ పిట్టల కథ కాగితం మీదికి ఎక్కిస్తే పరువు మనదే పోతుంది. ఉస్తా పెద్దవాడయ్యాడు, ఏదో మాట్లాడుతున్నాడు, రాయకండి. అమ్మాయీ, నువ్వు సంతకం పెట్టు.’’

నెర్మీన్ ఆయన మాట విన్నట్టే లేదు. నన్నే చూస్తోంది. తిడుతుందేమోనని చూశాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆ పిల్ల లెక్క అడిగినట్టు అడిగింది.

‘‘పదిహేడు సార్లూనా?’’

‘‘పదిహేడు సార్లూ.’’

‘‘అయితే నా కన్ను బాగానే ఉందన్నమాట.’’ పెన్నుకి మూత పెట్టింది. ‘‘నాకు చూడటం రాదనుకున్నానండీ ఈ రెండేళ్ళూ. మా అమ్మతో కూడా అదే చెప్పాను. చదువుకున్నాను గానీ చూపు లేదమ్మా, ఉస్తా దయతో నెట్టుకొస్తున్నా అని.’’

ఎదురుగా ఉన్న నన్ను ఆమె ఉస్తా అని పిలవడం మానేసిందని అప్పుడే గమనించాను.

ఆమె మూలకి నడిచింది. వెనక్కి వచ్చిన తానులు అక్కడ పేర్చి ఉన్నాయి. ‘‘నాకింకొకటి అంతుపట్టలేదు. వచ్చినవన్నీ నీలం అంచువే. పద్నాలుగో మగ్గం ఎన్ని దించిందో దాని తెర చెబుతోంది. ఇక్కడున్నవి దానికి ఆరింతలు. ఒక్క మగ్గం ఇన్ని నెయ్యలేదు.’’ ఒక తాను కొస లాగి నా ముందు గాజుబల్ల మీద పరిచింది. ‘‘మీరు చూడండి. ఈసారి ఉన్నది చెప్పండి.’’

ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత కష్టమైన తనిఖీ నేను చెయ్యలేదు. కళ్ళు మూసుకుని అరచెయ్యి గుడ్డ మీద పెట్టాను. బయూమీ మగ్గం పాతది, ఎడమ అంచు దగ్గర పేకని కాస్త బిగించి కొడుతుంది. వేళ్ళకి ఆ బిగువు తగలాలి. తగల్లేదు.

‘‘ఇది పద్నాలుగు కాదు,’’ అన్నాను. ‘‘తొమ్మిదో మగ్గం.’’

ఇంకొకటి పరిచింది. ‘‘ఇది ఇరవై రెండు.’’ ఇంకొకటి. ‘‘ఇది ఆ కిటికీ పక్కది, ముప్ఫై.’’

అన్నిటికీ నీలం అంచే. తొమ్మిది ఆకుపచ్చ వెయ్యాలి. ఇరవై రెండు పసుపు. ముప్ఫై నలుపు.

అప్పుడర్థమైంది. నీలం వేస్తే దెసూకీ చూడడని షెడ్డులో ఒకరికి తెలిసింది, ఆ తర్వాత పదిమందికి తెలిసింది. దెసూకీ కన్నూ చూడదని కూడా తెలుసుకున్నారు. నాదొక్కడిదే రహస్యమని నేను తలుపు వేసుకుని పావురం ఎముకలు చీకుతుంటే, షెడ్డు షెడ్డంతా నా రహస్యాన్ని అంచులో వేసుకుని నేస్తోంది. పొద్దున్నే టీ బండి దగ్గర ‘సలాం ఉస్తా’ అన్న ప్రతి నోరూ గుర్తొచ్చింది. వాళ్ళంతా ఎలా నవ్వుకుని ఉంటారో!

‘‘నీలం నూలు స్టోరులో తాళం వేసి ఉంటుంది,’’ అంది నెర్మీన్. ‘‘ఇన్ని మగ్గాలకి ఎవరిచ్చారు? బయూమీ బాబాయ్, నువ్వా?’’

బయూమీ గోడ వదిలి ముందుకొచ్చాడు. నెర్మీన్‌కి జవాబు చెప్పకుండా తిన్నగా నా ముందు నిలబడ్డాడు.

‘‘నాకు నూలు సంగతి తెలీదు తల్లీ. అది తర్వాత. ఉస్తా, నువ్వు పావురాలన్నావు. ఏ పావురాలు?’’

‘‘ఏ పావురాలేంటి బయూమీ? నువ్వు పంపినవే.’’

‘‘నేను ఒకే ఒక్కసారి తెచ్చాను. మా ఇంటిది పోయి నలభై అయిన మర్నాడు, నా చేత్తో తెచ్చాను. అంతే.’’

‘‘వారం వారం...’’

‘‘వారం వారం ఎక్కణ్ణించి తేను? ఆ ఎండాకాలంలోనే తెగులొచ్చి నా పిట్టలన్నీ చచ్చాయి. గూడు విప్పేసి ఆ చెక్కలు పొయ్యిలో కూడా పెట్టేశాను. వచ్చి డాబా చూడు, బట్టలారేసే తీగె తప్ప ఏం లేదు.’’ వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. ‘‘నా బట్ట బాగోలేదని నాకు తెలుసు. ఆమె పోయాక చెయ్యి నిలవడం లేదు. నువ్వు నా మీద జాలితో చూసీ చూడనట్టు పోతున్నావనుకున్నా. ప్రతి శుక్రవారం మసీదులో నీ పేరు చెప్పి దేవుణ్ణి వేడుకుంటున్నా, అన్నా. నీ పేరు చెప్పి!’’

సిగ్గుకి ఒక అడుగంటూ ఉంటుందని అంతవరకూ అనుకున్నాను. లేదు. నేను ఎవరి పావురాలు తింటున్నానో తెలియకుండా తిన్నాను. ఎవరికి అమ్ముడుపోయానో తెలియకుండా అమ్ముడుపోయాను.

‘‘సరే సరే, చాలు,’’ అని లేచాడు వగ్దీ బే. ‘‘పిట్టలూ ప్రార్థనలూ మీరూ మీరూ బయట తేల్చుకోండి. నమాజుకి వేళయింది. అమ్మాయీ, ఆ కాగితం ఇటు...’’

‘‘ఒక్క నిమిషం బే,’’ అన్నాను. ఆయన్ని ఆపడం నా జన్మలో అదే మొదటిసారి. ‘‘ఇవాళ గురువారం. ఈ పాటికి గిన్నె వచ్చే ఉంటుంది. ఎవరు తెచ్చారో మా ఆవిణ్ణి అడుగుతాను.’’

‘‘ఇంటికెళ్ళి అడుక్కో!’’

నేను ఫోను తీసి ఇన్షిరాహ్‌కి కలిపాను. చెవి దగ్గర పెట్టుకోలేదు. ఇకపై నా చెవికి మాత్రమే వినపడే మాట ఒక్కటీ వద్దనుకుని, స్పీకరు నొక్కి గాజుబల్ల మీద, దెసూకీ కన్ను కింద పెట్టాను.

‘‘ఏమయ్యా, ఇవాళ తొందరగా ఆకలేసిందా?’’ అంది మా ఆవిడ. గదంతా వినపడింది.

‘‘గిన్నె వచ్చిందా?’’

‘‘ఇప్పుడే. మూత మీద చెయ్యి ఆనడం లేదు, అంత వేడిగా ఉంది. ఈసారి ఆరు పెట్టారు.’’

‘‘ఎవరు తెచ్చారు?’’

‘‘ఎవరు తెస్తారు? ఎప్పుడూ తెచ్చేవాడే, ఆ కారు డ్రైవరు. బయూమీ పంపాడంటూ ఇస్తాడుగా. నేతవాడి పావురాలు నల్ల కారెక్కి రావడమేంటని మొదట్లోనే అడిగాను నిన్ను. నువ్వు రెక్క చీకుతూ ‘ఊఁ’ అన్నావు.’’

వగ్దీ బే రెండడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చాడు. ‘‘ఆపేయ్,’’ అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఆయన చెయ్యి ఫోను మీదికి వచ్చేలోపే నెర్మీన్ దాన్ని తీసి గుండెకి ఆనించుకుంది. బయూమీ మా ఇద్దరికీ ఆయనకీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. గుమాస్తాల్లో ఒక్కడు కూడా నవ్వలేదు.

‘‘ఎవరి కారు, ఇన్షిరాహ్?’’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

‘‘నన్నడుగుతావేంటి, రోజూ మీ మిల్లు గేటు ముందు ఆగే కారే కదా! ఇదిగో, ఖాళీ గిన్నె కోసం డ్రైవరు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. వగ్దీ బేకి ఏమన్నా చెప్పి పంపమంటావా?’’